దివిసీమలో గాలివాన



మా మేడిపల్లి సముద్రమునకు ఎంత దూరమో మీరెరుగుదురు. ఐనను 2020 అక్టోబరు 13వ తేదీన కాకినాడ కడ తీరము దాటిన వాయుగుండము ఆ దినముననే మా పొరుగున నున్న ఘట్‌కేసర్ ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించిన వాన కురిపించెను. వీథులు వాగులైనవి. ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుండగా నలుబదిమూడేండ్ల క్రిందటి మరియొక రాత్రి నాకు జ్ఞప్తికి వచ్చెను. దానిని మీతో చెప్పుకొనవలెనని నేటి ప్రసంగము.

కృష్ణానది పులిగడ్డ కడ రెండు పాయలగును. ఆ పాయల నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా నున్న లంకయే దివిసీమ. 1977లో నాకు పదునేడేండ్లు. అవనిగడ్డలో మా మేనమామగారింట నుండి కావ్యములు చదువుకొనుచుంటిని. అది కార్తికమాసము. తెల్లవారుజామున చన్నీటి స్నానములు, సంజవేళ దీపములు. పొలములలో వరి కోతకు వచ్చియుండెను.

నవంబరు 19, శనివారము. ముందటి రాత్రి నుండియే ముసురును, ఈదురుగాలియు. మామగారి భూమిని కౌలుకు చేయు వృద్ధు డొకడు సముద్రపు దరినున్న తన పల్లెనుండి వచ్చి మా వసారాలో పండుకొనియుండెను. ఉదయముననే లేచి నన్నడిగెను: “చిన్నపంతులుగారూ, గాలి వాటం నాకు నచ్చలేదు. ఇంటికాడ ముసలిది ఒక్కతే ఉంది, గొడ్లు కట్టేసి ఉన్నాయి. పంచాంగం చూసి ఓ మాట చెప్పండి.”

మామగారు ఇంట లేరు. నేను పంచాంగము విప్పి తిథివారనక్షత్రములు చూచి, ప్రయాణమునకు దోషము లేదంటిని. “వెళ్లి ఆమెను తోడ్కొని వెంటనే ఇచటికి రమ్ము” అనదగిన వేళ అది. ఆ మాట నా నోట రాలేదు. సముద్రపు గాలినిగూర్చి నాకేమియు తెలియదు. తెలియదని చెప్పుటకు నా కొద్దిపాటి పాండిత్యము ఒప్పుకొనలేదు. అతడు గోనెసంచి తలపై కప్పుకొని వెడలిపోయెను.

మధ్యాహ్నము దాటిన పిదప గాలి పిచ్చిదైనది. పెంకులు లేచిపోయెను. తాటిచెట్లు నడిమికి విరిగెను. తలుపునకు తిరుగలి అడ్డుపెట్టి, నలుగురము వీపు లానించి రాత్రి గడపితిమి. ఆ సాయంకాలమే సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరపుటూళ్లపైకి మూడు నిలువుల యెత్తున సముద్రము వచ్చిపడినదని మాకు తెల్లవారినగాని తెలియలేదు. ప్రభుత్వపు లెక్కలోనే పదివేలమంది మరణించిరి. అంతకు మించియుందురని చెప్పువారు అనేకులు.

నీరు తీసిన పిదప మామగారితో ఆ పల్లెకు పోతిని. అచట ఇల్లన్నది లేదు. పండిన చేను ఉప్పుబురద యైనది. తుమ్మకొమ్మలలో చీరెపేలికలు వ్రేలాడుచుండెను. గొడ్లచావడి గుంజ యొక్కటి నిలిచియుండెను. దానికి పలుపు ఇంకను కట్టియే యున్నది. ఆ దంపతులను మరల నేను చూడలేదు. అతడు నా మాటవలననే పోయెనో, ఎట్లైనను పోవువాడో చెప్పలేను. అడిగినది మాత్రము నన్ను.

ఉప్పెన ఎట్లు వచ్చునో పిదప తెలిసికొంటిని. మన అర్ధగోళమున తుపాను గాలి అప్రదక్షిణముగా తిరుగును. అందుచే మన తూర్పుతీరమును దాటునపుడు కేంద్రమునకు కుడివైపున గాలి సముద్రమును నేలపైకి త్రోయును. తీరమున లోతు తక్కువైనచో, నెట్టబడిన నీరు పోవుటకు చోటులేక పైకి లేచును. ఆనాడు కేంద్రము దివికి పడమరగా తీరము దాటినందున ఆ కుడివైపు దివికే వచ్చెను.

1990 మే నెలలో మరియొక మహావాయువు కృష్ణాముఖద్వారముల ప్రాంతముననే తీరము దాటెను. అదియు బలమున తక్కువది కాదు. మరణించినవారు వేయిమంది లోపే. కారణమేమి? 1977 తరువాత తుపాను రక్షణగృహములు కట్టిరి. గాలికి ముందుగనే లక్షల జనమును తరలించిరి. సముద్రము మారలేదు, మనుష్యుని జాగ్రత్త మారెను.

పెద్దలారా, తరలింపువేళ ఇంటిల్లిపాది మీ ముఖము చూతురు. “ఇట్టి గాలులెన్ని చూడలేదు” అని మీరు మంచము దిగకున్నచో, మిమ్ము విడువలేక బిడ్డలును నిలిచిపోవుదురు. కావున ముందు మీరే లేవుడు. పశువుల పలుపులు విప్పివేయుడు. నడుమ గాలి ఒక్కసారి నిలిచినచో తుపాను పోయినదని బయటికి రాకుడు; కేంద్రము దాటినంతనే ఎదురుదిక్కునుండి మరల వీచును. చలి వచ్చినదిగదా యని ఏమరకుడు; 2023లో బాపట్ల కడ తుపాను తీరము దాటినది డిసెంబరు 5వ తేదీన.

పంచాంగము తిథిని చెప్పును. గాలిని చెప్పు శాస్త్రము వేరుగ నున్నది. ఎవరైన మిమ్ము అడిగినపుడు, తెలియనిచోట తెలియదని చెప్పి, తెలిసినవారి హెచ్చరికను వినిపింపుడు. నేను ఆ ఉదయము చేయలేని పని అదియే.

సెలవు.