సెంటర్ ఎక్కడుంది? – వర్క్‌షాపులో మనమే చేసుకునే ఇండికేటర్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ ట్రేడ్‌కు సంబంధించిన విషయం ఏదైనా చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. మన సభల్లో యుద్ధాల గురించి, పెన్షన్ లెక్కల గురించి నాకంటే బాగా చెప్పగలవారు చాలామంది ఉన్నారు. నేను మెషినిస్టుని. కాబట్టి మిల్లింగ్ మిషన్ మీద సెంటర్ పట్టుకోవడానికి మనమే చేసుకోగల ఒక చిన్న పనిముట్టు గురించి చెబుతాను. రిటైరయ్యాక ఆటోనగర్లోనో బాలానగర్లోనో ఒక షెడ్డు తీసుకుని రెండు మిషన్లు పెట్టుకున్నవారు మనలో ఉన్నారు. వారికీ, వర్క్‌షాపుల్లో పని చేస్తున్న మన కుర్రవాళ్ళకూ ఇది పనికొస్తుంది.

ముందు అవసరం ఏమిటో చూద్దాం. ఒక పాత గేర్‌బాక్సు హౌసింగ్ వచ్చింది. బేరింగ్ కూర్చునే బోరు అరిగిపోయింది. కొత్త హౌసింగ్ దొరకదు, ఆ మోడల్ తయారీయే ఆగిపోయింది. ఇక దారి ఒకటే. బోరును కాస్త పెద్దది చేసి, స్లీవ్ దిగ్గొట్టి, ఆ స్లీవ్‌ను మళ్ళీ అసలు సైజుకు బోరు చెయ్యాలి. ఇందులో కష్టం కోత కాదు. స్పిండిల్ సెంటరూ పాత బోరు సెంటరూ ఒకచోటికి రావాలి, అదీ కష్టం. 0.1 మి.మీ. పక్కకు పోయినా రెండు షాఫ్టుల మధ్య దూరం మారుతుంది. గేర్లు సరిగా కలవవు, మోత వస్తుంది, పళ్ళు త్వరగా అరుగుతాయి. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కదా. బండి లైన్లోకి వెళ్ళడమా, తుక్కులోకి వెళ్ళడమా అన్నది కోత మొదలుపెట్టకముందే తేలిపోతుంది.

మామూలుగా మనం చేసేది ఏమిటి? స్పిండిల్‌కు ఒక చేయి బిగించి, దానికి లీవర్ డయల్ తగిలించి, బోరులో తిప్పి చూస్తాం. పద్ధతి మంచిదే. చిక్కల్లా డయల్ కూడా స్పిండిల్‌తో పాటు తిరుగుతుంది. ముల్లు వెనక్కి వెళ్ళినప్పుడు అద్దం పెట్టుకోవాలి, లేదా మెడ విరగ్గొట్టుకోవాలి. అందుకే కోయాక్సియల్ ఇండికేటర్ అని ఒకటి వచ్చింది. అందులో కింద ఫీలర్ తిరుగుతుంది గాని డయల్ మాత్రం మన ముఖం వైపే చూస్తూ నిలబడుతుంది. ఇది బజారులో దొరుకుతుంది. అయితే లేత్, మిల్లింగ్ మిషన్, ఒక మామూలు ప్లంజర్ డయల్ గేజ్ ఉన్నవాడు దీన్ని స్వయంగా చేసుకోవచ్చు.

ఇందులో భాగాలు నాలుగు.

మొదటిది బాడీ. ఇ.ఎన్.8 కడ్డీ చాలు. పైన 12 మి.మీ. షాంక్, కింద 20 మి.మీ. బాడీ. రెండూ సెంటర్ల మధ్య ఒకే సెట్టింగులో తిప్పాలి. డయల్ పైకి నిలబడి ఉంటుంది కనుక, అది కొలెట్ నట్టుకు తగలకుండా షాంక్ పొడుగ్గా ఉంచుకోవాలి.

రెండవది బాడీ మీద పైకీ కిందికీ జారే స్లీవ్. దాని పైఅంచున సుమారు 70 మి.మీ. వెడల్పున పళ్ళెం లాంటి ఫ్లాంజి ఉంటుంది. బోరూ, ఫ్లాంజి పైముఖమూ ఒకే సెట్టింగులో కొయ్యాలి, అప్పుడే ముఖం బోరుకు లంబంగా వస్తుంది. స్లీవ్ పొడవు బోరుకు ఒకటిన్నర రెట్లు, అంటే 30 మి.మీ. ఉంచండి. పొట్టిదైతే ఒక పక్కన తోసినప్పుడు అడ్డం పడి బిగుసుకుంటుంది. స్లీవ్ బాడీ మీద తిరగకుండా చిన్న గాడి, అందులో ఒక పిన్ను పెట్టాలి. పైనుంచి మెత్తటి స్ప్రింగ్ దాన్ని కిందికి నొక్కుతుంటుంది.

మూడవది ఫీలర్. బాడీ అడుగున గాడి కోసి, 3 మి.మీ. డోవెల్ పిన్ను మీద 'ఎల్' ఆకారపు లీవర్ కూర్చోబెట్టాలి. అడ్డచేయి 20 మి.మీ., దాని కొస స్లీవ్ అడుగున ఆనుతుంది. నిలువుచేయికి ఫీలర్ కడ్డీ బిగుస్తుంది. మొనకు పాత బేరింగ్‌లోని చిన్న బాలు అరల్డైట్‌తో అతికించవచ్చు. వేడి చేసి అతికిస్తే బాలు మెత్తబడుతుంది. స్ప్రింగ్ స్లీవ్‌ను కిందికి నొక్కితే, ఫీలర్ మొన అడ్డచేయికి ఎదురు పక్కకు నెట్టుకుంటుంది. కనుక బోరు లోపలికైతే మొనను ఆ ఎదురు పక్కకు వంచాలి. బయటి బాసు మీద పట్టాలంటే అడ్డచేయి ఉన్న పక్కకే బాగా వంచిన ఇంకో ఫీలర్ కావాలి, అప్పుడు అది బాసును లోపలి వైపుకు నొక్కుతుంది. స్ప్రింగ్ మార్చనక్కరలేదు.

నాల్గవది డయల్ పట్టుకునే రింగు. బాడీ పైభాగాన 6004 బేరింగ్ ఎక్కించాలి. లోపల 20, బయట 42, మందం 12 మి.మీ., సరిగ్గా సరిపోతుంది. దాని మీద అల్యూమినియం రింగు, రింగుకు ఒక చెవి, చెవిలో డయల్ కాడ పట్టడానికి 8 మి.మీ. బెజ్జం. డయల్ మొన నిలువుగా ఫ్లాంజి మీదకు దిగుతుంది. రింగు తిరగకుండా ఒక కడ్డీ తగిలించి మిషన్ కాలమ్‌కు ఆనించాలి.

ఇంతే. మీలో కొందరికి వెంటనే అనుమానం వస్తుంది. "మనం చేసింది ఫ్యాక్టరీ సరుకంత కచ్చితంగా ఉంటుందా? షాంక్ కొలెట్లో 0.05 మి.మీ. పక్కకు పడితే కొలత పోదా?" అని. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీనికి జవాబే.

పోదు. షాంక్ పక్కకు పడితే ఫీలరూ దానితోపాటే పక్కకు జరుగుతుంది, దానితోపాటే తిరుగుతుంది. దాని మొన తిరిగే వలయానికి కేంద్రం ఎప్పుడూ స్పిండిల్ సెంటరే. ఆ వలయం కాస్త పెద్దదో చిన్నదో అవుతుంది గాని కేంద్రం మారదు. మన ఊళ్ళలో త్రాసుకు పాసంగం ఉందని అనుమానం వస్తే పెద్దవాళ్ళు ఏం చేసేవారు? సరుకును రాళ్ళ తట్టలోకి, రాళ్ళను సరుకు తట్టలోకి మార్చి తూచేవారు. రెండుసార్లూ ముల్లు ఒకచోట నిలిస్తే త్రాసు మంచిది. ఇదీ అంతే. ఇక్కడ ఒకే ఫీలర్ బోరు ఎడమ గోడనూ కుడి గోడనూ చూస్తుంది. దాని సొంత లోపం రెండు పక్కలా సమానంగా ఉంటుంది కనుక పోల్చేటప్పుడు కొట్టుకుపోతుంది.

అయితే ఒక లోపం మాత్రం కొట్టుకుపోదు. ఫ్లాంజి ముఖం వాలితే స్పిండిల్ ఒక చుట్టు తిరిగేసరికి ముల్లు ఒకసారి ఊగుతుంది, అచ్చం సెంటర్ తప్పినట్టే కనిపిస్తుంది. అందుకని లీవర్‌కు ఒక స్టాప్ స్క్రూ పెట్టుకోండి. ఫీలర్ దేనికీ తగలకుండా లీవర్‌ను స్క్రూకు ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి. ముల్లు కదలకూడదు. కదిలితే అది జాబ్ తప్పు కాదు, పనిముట్టు తప్పు. దాన్ని సరిచేశాకే బోరు జోలికి వెళ్ళాలి. ఎదుటివాడి తప్పు వెతికే ముందు మన తప్పు చూసుకోవడం లాంటిదన్నమాట.

ఇక వాడే విధానం. మొదట కంటి అందాజాతో దగ్గరికి తెచ్చుకోండి. ఫీలర్‌ను బోరులోకి దించి స్పిండిల్‌ను చేత్తోనో, అతి తక్కువ వేగంతోనో తిప్పండి. ముందు ఒక అక్షం సరిచేసి లాక్ చేసి, తర్వాత రెండోది. హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తిప్పుకుంటూ రావాలి, లేకపోతే స్క్రూలోని బ్యాక్‌లాష్ మోసం చేస్తుంది. లాక్ బిగించాక ఇంకోసారి తిప్పి చూడాలి, బిగించేటప్పుడు కూడా టేబుల్ జరుగుతుంది.

డయల్ మీది అంకెలను నిజం కొలత అనుకోకండి. సెంటర్ 0.10 మి.మీ. తప్పితే ఎదురెదురు గోడల మధ్య ఫీలర్‌కు 0.20 మి.మీ. తేడా వస్తుంది. అడ్డచేయి 20, ఫీలర్ 60 మి.మీ. అయితే డయల్ అందులో మూడోవంతే, అంటే సుమారు 0.07 మాత్రమే చూపిస్తుంది. మనకు కావలసింది అంకె కాదు, ఊపు ఆగిపోవడం. ఫీలర్ ఎంత పొట్టిగా ఉంటే చూపు అంత చురుగ్గా ఉంటుంది. మరీ బిగువు సైజు జాబ్ అయితే చివరి పరీక్ష మంచి లీవర్ డయల్‌తో చేసుకోండి.

అరిగిన బోరులో ఇంకొక కిటుకు ఉంది. చుట్టుకు ఒకసారి ముల్లు ఊగితే సెంటర్ తప్పింది. రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగితే బోరు కోడిగుడ్డు ఆకారంలో అరిగింది. అప్పుడు ఎదురెదురు కొలతలు సమానం చెయ్యాలి, నాలుగూ సమానం కావాలని చూడకూడదు. అరుగుదల ఒకే పక్కకు ఉంటే ఆ గోడను అసలు నమ్మకూడదు. బేరింగ్ తగలని అంచు భాగం కొంతైనా పాత సైజులో మిగిలి ఉంటుంది, అక్కడ ఫీలర్ పెట్టాలి.

మన ఇ.ఎం.ఇ. 1943లో ఏర్పడింది. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ పుట్టిందీ అదే ఏడాది. పింజోర్ హెచ్ఎంటీలో తయారైన ఎఫ్ఎన్2 మిల్లింగ్ మిషన్ల మీద మనలో ఎంతోమంది చేతులు తిరిగాయి. ఇప్పుడు సీఎన్‌సీ మిషన్లలో ప్రోబు తనే బోరును తాకి సెంటర్ చెప్పేస్తుంది. మంచిదే. కాని ఆ ప్రోబును కూడా సైజు తెలిసిన రింగులో పెట్టి సరిచూసిన తర్వాతే నమ్ముతారు. పనిముట్టు మారింది, సూత్రం అదే.

కుర్రవాళ్ళకు నా మాట ఒక్కటే. దీన్ని కొనే స్తోమత ఉన్నా ఒకసారి చేసి చూడండి. టర్నింగు, మిల్లింగు, ఫిట్టింగు మూడూ ఒకే జాబ్‌లో వస్తాయి. పైగా కొలతను ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలుస్తుంది. అది తెలిసినవాడి చేతికి తుక్కులో పడాల్సిన హౌసింగ్ ఇచ్చినా బండిలో పెట్టి పంపిస్తాడు. డ్రాయింగ్ కావలసినవారు సభ అయ్యాక నన్ను కలవండి, కాగితం మీద గీసి ఇస్తాను.

 జై హింద్.