తేనెటీగకూ నల్లి పడుతుంది



ఎద్దులకు, ఎనుములకు పిడుదులు పడతాయి. కోళ్ళకు పేన్లు పడతాయి. మరి తేనెటీగకు? దానికీ ఒక నల్లి పడుతుంది. ఇది మంచంలో ఉండే నల్లి కాదు. పిడుదు జాతిది. ఎనిమిది కాళ్ళుంటాయి. ఎర్రగా ఉంటుంది. పొడవు ఒక మిల్లీమీటరు. అంటే ఆవగింజ కన్నా చిన్నది. శాస్త్రజ్ఞులు దీన్ని ట్రోపిలీలాప్స్ అంటారు.

మంత్రాలయం తుంగభద్ర ఒడ్డున ఉంది. ఇలాంటి చోట్ల ఎత్తయిన చెట్లకు, బండలకు పెద్ద పెద్ద తేనెతుట్టెలు వేలాడతాయి. అవి కొండ తేనెటీగలవి. ఈ నల్లికి పుట్టిల్లు ఆ తుట్టే.

తుట్టెలో చిన్న చిన్న గదులుంటాయి. గదిలో ఈగ పిల్ల తెల్లటి పురుగులా ఉంటుంది. అది పెరిగాక పెద్ద ఈగలు గదికి మైనంతో మూత వేస్తాయి. మూత పడక ముందే తల్లి నల్లి లోపల దూరుతుంది. అక్కడే గుడ్లు పెడుతుంది. తల్లీ పిల్లలూ కలిసి ఈగ పిల్ల ఒంట్లో సారం పీలుస్తాయి. కొన్ని ఈగ పిల్లలు లోపలే చస్తాయి. కొన్ని ముడుచుకున్న రెక్కలతో పుడతాయి. అవి ఎగరలేవు.

అయితే ఈ నల్లి పెద్ద ఈగను తిని బతకలేదు. ఈగ పిల్లలు లేకుంటే కొద్ది రోజులకే చస్తుంది. కొండ ఈగలు ఏడాదంతా ఒకే చోట ఉండవు. పూలు తగ్గితే తుట్టె వదిలి ఎగిరిపోతాయి. మళ్ళీ తుట్టె కట్టేదాకా పిల్లలుండవు. నల్లికి తిండి ఉండదు. ఊరు మారడమే ఆ ఈగలకు మందు!

పెట్టెల్లో పెంచే విదేశీ ఈగల సంగతి వేరు. 1962లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో, ఆ ఈగలు మన దేశంలో నిలదొక్కుకున్నాయి. అవి మామూలుగా పెట్టె వదిలి పోవు. రాణి ఈగ దాదాపు ఏడాదంతా గుడ్లు పెడుతుంది. నల్లికి రోజూ పండగే. ఈగలు పోతే పెట్టె ఖాళీ. అప్పు మాత్రం మిగులుతుంది.

అందుకే పెట్టెలు కొన్న సంఘం అక్కలు కన్నేసి ఉంచాలి. పెట్టె ముందు రెక్కలు ముడిచిన ఈగలు పాకుతున్నాయా? గదుల మూతలకు చిల్లులున్నాయా? అయితే నల్లి పడిందేమోనని చూడాలి. చేనుకు కొట్టే పురుగుమందు పెట్టెలో కొట్టకూడదు. ఈగలు చస్తాయి. తేనె పాడవుతుంది.

ఇంకో దారి ఉంది. రాణి ఈగను చిన్న జాలీ గూట్లో మూడు వారాలకు పైగా ఉంచుతారు. పని ఈగలు జాలీలోంచి దానికి మేత పెడతాయి. కొత్త గుడ్లు ఉండవు. పాత పిల్లలు ఈగలై బయటికొస్తాయి. నల్లి ఆకలికి చస్తుంది. తెలిసినవారి దగ్గర నేర్చుకుని ఈ పని చేయాలి.

కొండ ఈగ తన మందు తానే చూసుకుంటుంది. పెట్టె ఈగకు మనిషే చూడాలి.