బిడ్డను వాటా వేయకండి



పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, న్యాయవాదిగా మీకు ఒక్క విషయమే చెప్పాలని వచ్చాను. మన బేతంచెర్ల పల్లెల్లో కాపురం చెడితే ముందు పెద్దమనుషుల పంచాయితీ. పెట్టిన బంగారం, ఇచ్చిన బండి, సారె సామాన్లు లెక్క తేలాకే పిల్లల మాట వస్తుంది. మగపిల్లోడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి అనేస్తారు. అక్కాతమ్ముళ్లను విడదీసే ఆ తీర్పు నాకెన్నడూ మింగుడుపడలేదు. చదువుకున్నోళ్లని రేపు మిమ్మల్నీ ఆ పంచాయితీల్లో కూర్చోబెడతారు.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో అలాంటి పంపకం లేదు. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరుండాలని, అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమని ఉంది.

బిడ్డను ఒకరికే ఇవ్వకుండా తల్లిదండ్రులిద్దరికీ అప్పగించే ఏర్పాటూ ఉంది, అదే ఉమ్మడి కస్టడీ. అందులో రెండు సంగతులున్నాయి. బడి, వైద్యం వంటి నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవడం ఒకటి. బిడ్డ ఇద్దరిళ్లలోనూ ఉండడం ఇంకొకటి. 2013లో కర్ణాటక హైకోర్టు పన్నెండేళ్ల బాలుణ్ని జనవరి నుంచి జూన్ దాకా తండ్రి దగ్గర, మిగతా ఆర్నెల్లు తల్లి దగ్గర ఉంచమంది. ఇళ్లు ఒకే ఊళ్లో ఉంటే అది సాగుతుంది. తల్లి బేతంచెర్లలో, తండ్రి బెంగళూరులో ఉంటే ఆర్నెల్లకోసారి బడి మారాలి. అది బిడ్డకు శిక్షే. అప్పుడు ఒకరింట్లో ఉంచి, సెలవులకు, పండగలకు రెండోవారి దగ్గరికి పంపడం మేలు. వేరే రాష్ట్రంలోనో దేశంలోనో ఉన్నవారికి బిడ్డతో రోజూ అయిదు పది నిమిషాలు ఫోనులో మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒప్పందం తప్పితే ఏమవుతుందో ఒక కేసు చెబుతుంది. 2000లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట, అమెరికాలో విడిపోయాక, 2007 జూన్‌లో న్యూయార్క్ కోర్టులో ఉమ్మడి కస్టడీకి ఒప్పుకున్నారు. పది రోజులకే తల్లి కొడుకుతో ఇండియా వచ్చేసింది. ఆ పసివాడు ఊళ్లు మారాడు, బడులు మారాడు. 2009లో సీబీఐ చెన్నైలో వాణ్ని కనుక్కొన్నాక, సుప్రీంకోర్టు తిరిగి అమెరికాకు తీసుకెళ్లమంది. ఒప్పుకున్న మాట పెద్దలు తప్పితే భారమంతా బిడ్డే మోశాడు.

ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వమని 2015లో లా కమిషన్ 257వ నివేదికలో కోరింది. ఆ సవరణ రాలేదు. అందుకే ఒప్పందంలో ఏం రాసుకున్నామన్నదే కీలకం.

మీరు కూర్చునే పంచాయితీలో బంగారం కన్నా ముందు బిడ్డ మాట ఎత్తండి. ఏ ఇల్లు, ఏ బడి, ఏ సెలవులు, ఫోను ఏ వేళకు, అన్నీ కాగితం మీద రాయించండి. ఆ కాగితాన్ని కోర్టులో పెట్టి ఉత్తర్వు తెచ్చుకోమనండి.