పెట్రోలు కారా, హైబ్రిడ్ కారా?

కుటుంబమునకు సెడాన్ కారు కొనబోవువారిని నేడొక ప్రశ్న ఎదుర్కొనుచున్నది. పెట్రోలు ఇంజనుతో మాత్రమే నడచు బండి కొనుటయా, విద్యుత్ మోటారును గూడ జోడించిన హైబ్రిడ్ కొనుటయా? ఒకే కారు రెండు విధములుగను వచ్చినపుడు పోలిక సులభము గనుక మేము హోండా సిటీని ఉదాహరణముగా గైకొనుచున్నాము.

ముందొక సందేహము తీర్పవలసియున్నది. ఈ హైబ్రిడ్‌ను ఇంటిలోని ప్లగ్గునకు తగిలింపనక్కరలేదు. తగిలించుటకు వీలును లేదు. పోయవలసినది పెట్రోలే. మరి ఆదా ఎచ్చటినుండి వచ్చును? మామూలు కారులో బ్రేకు త్రొక్కినపుడెల్ల బండి వేగము వేడిగా మారి గాలిలో కలిసిపోవును. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిలో కొంత బ్యాటరీలో దాచును; బండి మరల కదలునపుడు దానినే వాడును. ఇంజను సైతము వేరు తీరుది. జేమ్స్ ఆట్కిన్‌సన్ అను ఆంగ్లేయుడు 1880 దశకమున కల్పించిన పద్ధతి ననుసరించి, ఇందులో వాయువు సంకోచించుటకంటె వ్యాకోచించుట ఎక్కువ. అందువలన ఇంధనము కలిసివచ్చును గాని బలము తగ్గును. ఆ లోటును మోటారు పూడ్చును.

కావున అమీర్‌పేట కూడలిలో ఆగుచు సాగుచు పోవువానికి మిగిలినంత, విజయవాడ రహదారిపై ఏకధాటిగా పోవువానికి మిగులదు. అమ్మువారు మైలేజి చెప్పునపుడు ఈ సంగతి మరువరాదు.

ఇక లెక్క. 2022లో ఈ హైబ్రిడ్ మనదేశమున విడుదలయినపుడు లీటరుకు 26.5 కిలోమీటర్లని ప్రకటించిరి. ఆటోమేటిక్ గేర్ల పెట్రోలు కారునకు 18.4. నెలకు 1000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు మొదటిదానిలో సుమారు 38 లీటర్లు, రెండవదానిలో 54 లీటర్లు పట్టును. లీటరు నూరు రూపాయల వంతున ఏడాదికి మిగులునది ఇంచుమించు 20,000 రూపాయలు. ఆనాటి ధరలలో భేదమో, నాలుగు లక్షలకు పైమాట! అందులో కొంత అదనపు రక్షణ పరికరములకు చెందినదే యైనను, ఇరువది ఏండ్లకు గాని ఆ సొమ్ము పెట్రోలు రూపమున తిరిగి రాదు. నెలకు 3000 కిలోమీటర్లు తిరుగువారికి ఏడేండ్లలోనే వచ్చును. ధరలు మారుచుండును గాని, చేయవలసిన భాగహారము మాత్రము ఇదియే.

బ్యాటరీని గూర్చి పలువురు భయపడుచుందురు. దానికి 8 సంవత్సరములు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చిరి. టొయోటా ప్రియస్ 1997లో జపానునందు వెలువడిన నాటినుండి ఇట్టి కార్లు టాక్సీలుగా గూడ నడచినవి. మాకు తోచిన అసలు లోపము వేరు: వెనుకనున్న సామాను అర 506 లీటర్లనుండి 306 లీటర్లకు కుదించుకొనిపోయినది. సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి బియ్యపు మూటతో, పచ్చళ్ళ జాడీలతో తిరిగివచ్చు గృహిణికి ఇది చిన్న విషయము కాదు.

నెలకు వేయి కిలోమీటర్ల లోపు తిరుగువారికి పెట్రోలు కారే చాలునని మా అభిప్రాయము. ప్రతిదినము నగరపు రద్దీలో గంటల తరబడి చక్రము పట్టువారు హైబ్రిడ్‌ను తప్పక పరీక్షింపవలెను. ఆ పరీక్ష ఖాళీ రోడ్డుపై గాక, తాము నిత్యము పోవు దారిలో, పోవు వేళకే చేయుట మంచిది. ఇంటిలోని పెద్ద పెట్టెను గూడ వెంట తీసికొనిపోయి వెనుక అరలో పట్టునో లేదో చూడవచ్చును.