తాపీ ఒడ్డున ఒక ఫౌజీ గీసిన గీత
(సూరత్ కతర్‌గామ్‌లో మన మాజీ సైనిక కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



మద్రాస్ శాపర్స్‌లో 24 ఏళ్లు చేసి, అబ్బాయి ఉద్యోగం కారణంగా ఈ కతర్‌గామ్ చేరాను. ఇక్కడ తాపీ దాటితే ఉత్రాణ్ స్టేషన్. ఆ లైను వెనక ఒక ఫౌజీ ఉన్నాడని మనలో చాలామందికి తెలియదు.

ఆయన జాన్ పిట్ కెనడీ. 1796లో ఐర్లండ్‌లో పుట్టి, రాయల్ ఇంజనీర్స్‌లో చేరాడు. 1849లో జనరల్ నేపియర్ వెంట మిలిటరీ సెక్రటరీగా మన దేశం వచ్చాడు. సిమ్లా వైపు డ్యూటీ చేసినవాళ్లకు హిందుస్థాన్–టిబెట్ రోడ్డు తెలుసు కదా! 1850లో ఆ పని నడిపించింది ఈయనే.

కొండల్లో రోడ్డు వేయించిన మనిషే రైలుకు మాత్రం కొండ వద్దన్నాడు. ఎత్తు ఎక్కేకొద్దీ ఇంజను లాగే బరువు తగ్గుతుంది, బొగ్గు ఖర్చు పెరుగుతుంది. 1863లో తెరిచిన భోర్ ఘాట్ లైను 37 అడుగులకు ఒక అడుగు ఎక్కుతుంది. కెనడీగారి బరోడా లైను పల్లపు నేల పట్టుకుంది. 1860లో అంకలేశ్వర్ నుంచి ఉత్రాణ్ దాకా 29 మైళ్లు నడిచింది, 1864కి బొంబాయి చేరింది.

ఘాట్లు తప్పాయి గాని నదులు ఎదురయ్యాయి. వంతెనలకు 60 అడుగుల ఒకే కొలత గర్డర్లు వాడారు. బెయిలీ బ్రిడ్జి కట్టినవాళ్లకు అందులో సుఖం చెప్పక్కర్లేదు. అయినా భరూచ్ దగ్గర నర్మద వరదలు వంతెనను మళ్లీ మళ్లీ దెబ్బతీశాయి. 1881లో కొత్త వంతెన కట్టాల్సి వచ్చింది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. నాయక్‌గా ఉన్నప్పుడు ఒక వాగు పక్కన స్టోర్స్ దింపించాను. మ్యాపులో ఆ చోటు మెరకగానే ఉంది. ఊళ్లో ముసలాయన, "నీళ్లు ఈ చెట్టు మొదలు దాకా వస్తాయి బాబూ" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రే వాన పడింది. తెల్లారేసరికి సగం సామాను లేదు. మనుషులు దక్కారు, అది మా అదృష్టం.

2006 ఆగస్టులో తాపీ సూరత్‌ను ముంచినప్పుడు మన జవాన్లు పడవలేసుకుని వచ్చి జనాన్ని గట్టెక్కించారు. ఆ నీటి మట్టం గుర్తున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. తమ్ముళ్లూ, రేపు ఎక్కడ లైను గీసినా ముందు అలాంటివాళ్లను అడగండి. మ్యాపు ఎప్పుడైనా తెరవొచ్చు, ముసలాయన మాత్రం రేపటికి ఉండకపోవచ్చు.

జై హింద్.