డ్రమ్మర్ కోసం ఆగిన బృందం

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

రేపటి నుంచి మీ కష్టసుఖాలు పంచుకోబోయేది తోటివాళ్లు. వాళ్లతో ఎలా నడుచుకోవాలో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఒక రాక్ బృందం కథ ఎంచుకున్నాను.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమకు పేరుమోసిన ఊరు. 1977లో అక్కడి కుర్రాళ్లు డెఫ్ లెపర్డ్ అనే బృందం కట్టారు. మరుసటి ఏడాది డ్రమ్మర్‌గా చేరిన రిక్ అలెన్‌కి అప్పుడు పదిహేనేళ్లు. 1983లో వచ్చిన 'పైరోమేనియా' ఆల్బమ్ అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది. మొదటి స్థానంలో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఉంది మరి!

1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో అలెన్ ఎడమ చెయ్యి తెగిపోయింది. వైద్యులు తిరిగి అతికించినా ఇన్‌ఫెక్షన్ సోకడంతో తీసేయక తప్పలేదు. అప్పటికి అతని వయసు 21.

ఆసుపత్రి మంచం మీద కిందికి జారిపోకుండా అతని కాళ్ల దగ్గర ఒక ఫోమ్ ముక్క పెట్టారు. పాటలు వింటూ దాని మీద పాదాలతో దరువు వేయడం మొదలుపెట్టాడతను. ఎడమ చేతి పని ఎడమ కాలు నేర్చుకోగలదని అక్కడే తట్టింది. సిమన్స్ కంపెనీ ఎలక్ట్రానిక్ డ్రమ్ములు తయారుచేసిచ్చింది. ఎడమ కాలితో పెడల్ నొక్కితే స్నేర్ డ్రమ్ శబ్దం పలికేది. ఏళ్ల తరబడి చేతికి అబ్బిన విద్యను కాలికి మొదటి నుంచీ నేర్పుకోవాల్సి వచ్చింది.

అలెన్ పట్టుదల గొప్పదే. నన్ను అంతకన్నా కదిలించింది అతని మిత్రుల నిర్ణయం. కొత్త ఆల్బమ్ పని అప్పటికే ఆలస్యమైంది, ఖర్చు తడిసి మోపెడవుతోంది. అంత పేరున్న బృందానికి ఇంకో డ్రమ్మర్ దొరకడం కష్టమా? అయినా వాళ్లు వెతకలేదు. వాయించగలడో లేదో తేల్చుకోవడం అలెన్‌కే వదిలి, అతని చోటు అతనికే ఉంచారు.

1986లో ఐర్లండ్‌లో చిన్న చిన్న కచేరీలు పెట్టుకున్నారు. అలెన్‌కి తోడుగా జెఫ్ రిచ్ అనే మరో డ్రమ్మర్ పక్కన కూర్చునేవాడు. ఒక రోజు రిచ్ రావడం ఆలస్యమైంది. అలెన్ ఒక్కడే కచేరీ మొదలుపెట్టాడు, నెగ్గుకొచ్చాడు. ఇక తోడు అక్కర్లేదని అందరికీ అర్థమైంది. ఆ ఆగస్టులో డానింగ్టన్ రాక్ సంగీతోత్సవంలో వేల మంది ముందు ఒంటరిగానే వాయించాడు.

మరుసటి ఏడాది 'హిస్టీరియా' విడుదలైంది. అమెరికాలో అది వెంటనే అగ్రస్థానానికి చేరలేదు. దాదాపు ఏడాది గడిచి, 1988లో 'పోర్ సమ్ షుగర్ ఆన్ మి' పాట మార్మోగాకే చేరింది. ప్రపంచమంతటా 2 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

కథ అక్కడితో సుఖాంతమైందని చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. గిటారిస్టు స్టీవ్ క్లార్క్ తాగుడుకి బానిసయ్యాడు. కోలుకొమ్మని సెలవిచ్చి, అతని కోసమూ ఆగారు. 1991 జనవరిలో అతను చనిపోయాడు, ముప్ఫై ఏళ్లకే. ఓపికగా ఆగినంత మాత్రాన ప్రతి మనిషీ దక్కడు. ఆగినందుకు మాత్రం ఎవరూ పశ్చాత్తాపపడనక్కర్లేదు.

1992లో వచ్చిన 'ఎడ్రెనలైజ్' అగ్రస్థానం అందుకుంది. ఈలోగా సియాటిల్ నుంచి గ్రంజ్ సంగీతం వెల్లువెత్తి శ్రోతల అభిరుచి మారిపోయింది. 1996 నాటి 'స్లాంగ్' అమ్మకాలు బాగా పడిపోయాయి. అయినా వాళ్లు ఊరూరా తిరిగి వాయిస్తూనే ఉన్నారు. క్లార్క్ స్థానంలో వచ్చిన వివియన్ కాంబెల్ తనకు కేన్సర్ సోకిందని 2013లో వెల్లడించి, చికిత్స పొందుతూనే వేదికలెక్కాడు. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లను గౌరవించింది. అప్పుడూ డ్రమ్ముల వెనక అలెనే ఉన్నాడు.

పట్టభద్రులారా, మీలో కొందరికి ఉద్యోగం చేతికొచ్చింది, కొందరికి రాలేదు. ఏదో ఒక రోజు మీ బృందంలో ఒకరికి జబ్బు చేస్తుంది, ఒకరికి ఇంట్లో కష్టమొస్తుంది, కాన్పు తర్వాత ఒకామె తిరిగి పనిలోకి వస్తుంది. అప్పుడు గడువు దగ్గరపడిందని వాళ్లను పక్కన పెట్టడం చాలా తేలిక. 'నీ చోటు నీకుంది, ఎలా చేయగలవో నువ్వే చెప్పు' అనండి. వాళ్లకు అనువైన పనిముట్లు తయారుచేయడానికి మీ చదువు వాడండి. కష్టం మీకే వస్తే, నేర్చిన విద్యను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి సిగ్గుపడకండి, సాయం అడగడానికి అసలే మొహమాటపడకండి.

మీకు మంచి పని దొరకాలి, మంచి తోటివాళ్లు దొరకాలి. మీరూ ఎవరికో అలాంటి తోటివాళ్లు కావాలి. శుభమస్తు.