కట్టుబట్టలో గుప్తసంకేతం

మనిషి గుడ్డ కట్టుకొనడం మానాన్ని కాపాడుకొనడానికని ఒక మాట, ఎండవానల నుంచి దేహాన్ని కాపాడుకొనడానికని మరొక మాట. ఈ రెండు అవసరాలూ తీరడానికి ఒక్క ముతక పంచె చాలును. అయినా చాపాడు నుంచి బస్సెక్కి ప్రొద్దుటూరు బట్టల అంగడికి పోయిన గృహిణి ఒక్క అంచు కోసం నలభై చీరలు విప్పిస్తుంది. అంగడివాడు విసుగుకొనడు. ఆమె కొనేది గుడ్డను మాత్రమే కాదని అతనికి తెలుసును. ఆ అంచు రేపు పెండ్లిలో నలుగురికీ ఏదో చెప్పవలసి ఉన్నది. అది ఆమె నోటితో చెప్పరానిది, అంచు చెబుతుంది.

నేను నేడు మనవి చేయదలచినది ఈ అంచుల భాషలోనే మరికొంత గూఢమైన శాఖను గురించి. అందరికీ వినిపించేటట్లు మాట్లాడే బట్టలు కొన్ని ఉన్నవి. పోలీసువాని ఖాకీ, న్యాయవాది నల్లకోటు, అయ్యప్ప దీక్షాపరుల నల్లబట్టలు, ఎన్నికలనాటి కండువాలు అటువంటివి. తెలిసినవారితో మాత్రమే మాట్లాడి, తక్కినవారి ఎదుట మౌనం వహించే బట్టలు వేరు. ఈ మౌనభాషను మన కాలంలో మిక్కిలి నేర్పుతో వాడుకొన్నవారిలో సైకెడెలిక్ వర్గమని పేరు పొందినవారు ఒకరు. వారు ఎక్కడివారో, మన చాపాడుకు వారితో ఏమి పని అని శ్రోతలు అడుగవచ్చును. వారు ధరించిన గుర్తులలో కొన్ని మన ఇండ్లలోని బట్టల పెట్టెల నుంచి వెళ్ళినవే.

'సైకెడెలిక్' గ్రీకు మాటల కూర్పు. మనస్సును వెల్లడి చేసేది అని దాని అర్థం. హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుడు 1956లో రచయిత ఆల్డస్ హక్స్‌లీతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలలో ఈ మాటను కల్పించాడు. అంతకు చాలా ముందు, 1938లో, స్విట్జర్లాండులోని బేసెల్ నగరంలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఎల్.ఎస్.డి. అనే పదార్థాన్ని తయారుచేశాడు. 1943 ఏప్రిల్ 19న దానిని తానే సేవించి, సైకిలు మీద ఇంటికి పోతూ, కంటి ఎదుటిదంతా వంకరలు తిరిగి ఊగిపోతున్నట్లు చూశాడు. 1960వ దశకంలో అమెరికాలో కొందరు యువజనులు ఆ అనుభవాన్ని జీవనమార్గంగా భావించారు. 1966 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ పదార్థాన్ని నిషేధించినది. మన దేశంలోనూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అది నిషిద్ధమే. దాని హానిని గురించి వైద్యులు చెప్పవలసి ఉన్నది. నా విషయం ఆ పదార్థం కాదు, ఆ వర్గంవారు కట్టిన గుడ్డ.

మొదట వారు బిగ్గరగానే మాట్లాడారు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని హైట్-ఆష్‌బరీ వీధులలో ముడివేసి రంగులలో ముంచిన బనియన్లు, పూసలు, గంటలు, నేలనంటే అంగీలు కోకొల్లలు. ఆనాటి గోడపత్రికలను చిత్రించినవారిలో విక్టర్ మోస్కోసో అనే ఆయన రంగుల శాస్త్రాన్ని కళాశాలలో చదువుకొన్నవాడు. పరస్పర విరుద్ధమైన రెండు రంగులను సమానమైన ఘాటుతో ప్రక్కప్రక్కన పెట్టితే కన్ను ఏ ఒక్కదానిమీదా నిలువలేదు. రెండిటి నడుమ గీత కదలుతున్నట్లు తోస్తుంది. ఇది గొప్ప నవ్యతగా లోకం చెప్పుకొన్నది. చిలకపచ్చ చీరకు మిరపపండు ఎరుపు అంచు వేసి నేసిన మన సాలెవారికి ఈ కిటుకు ఏ కళాశాలా నేర్పవలసిన పని లేకపోయినది. తిరుణాళ్ళలో అటువంటి చీర కట్టుకొని నడచిపోయే పెద్దావిడను దూరం నుంచి చూడండి; అంచు ఆమెకంటె ఒక అడుగు ముందు నడుస్తూ ఉంటుంది.

కాలం గడచినది. ఆ యువకులకు వయస్సు వచ్చినది, ఉద్యోగాలు వచ్చినవి, పిల్లలు పుట్టినారు. వకీళ్ళై, బ్యాంకు ఉద్యోగులై, ఉపాధ్యాయులై తెల్లచొక్కాలు తొడిగినారు. అయితే లోపలి మనిషి పూర్తిగా మారలేదు. అప్పుడు గుర్తు చిన్నదైనది. నా దృష్టిలో ఈ కథ అంతటిలో ఆసక్తికరమైన ఘట్టం ఇదే. వీధి నిండిన రంగు మేజోడులోకి, మణికట్టు మీది దారంలోకి, కాలరు లోపలి పట్టీలోకి దాగుకొన్నది. ఆ వర్గంవారు ఆరాధించిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే గాయక బృందంలో ప్రధానుడు జెర్రీ గార్సియా. ఆయన చిత్రకారుడు కూడా. ఆయన వేసిన చిత్రాల నుంచి తీసిన నమూనాలతో 1992లో నెక్‌టైలు అమ్మకానికి వచ్చినవి. టై అంటే కచేరీ క్రమశిక్షణకు మెడలో వేసుకొన్న ముడి గదా! ఆ ముడిలోనే తిరుగుబాటును కట్టుకొని పోయి బల్ల ముందు కూర్చున్నవారు ఎందరో. పై అధికారికి అది రంగుల టై. రెండు బల్లల అవతల ఉన్న గుమాస్తాకు మాత్రం, 'నీవూ మావాడవేనా?' అని పలకరించే గొంతు.

హాఫ్‌మన్ సైకిలు ప్రయాణాన్ని తలచుకొంటూ ఆ వర్గంవారు ఏటేటా ఏప్రిల్ 19ని సైకిలు దినంగా జరుపుకొంటారు. అందుచేత సైకిలు బొమ్మ కూడా వారికి ఒక గుర్తయినది. ఆ బొమ్మను రొమ్ము మీద ధరించి ఎవరైనా మైదుకూరు బస్టాండులో దిగితే ఏమవుతుందో ఊహించండి. అది మన రాష్ట్రంలో ఒక రాజకీయ పక్షంవారి ఎన్నికల గుర్తు. అతనికి టీ నీళ్ళు ఇప్పించేవారు కొందరు, ముఖం త్రిప్పుకొనేవారు కొందరు బయలుదేరుతారు. హాఫ్‌మన్ మాట ఎవరికీ తట్టదు. గుర్తు ఉండేది గుడ్డలో కాదు, చూచేవాని చదువులో.

ఇక మన పెట్టెలలోని సరుకు సంగతి. ఆ వర్గంవారి గుర్తులలో అగ్రస్థానం వహించినది, తోక వంచిన నీటిబిందువు వంటి ఆకృతి. ఇంగ్లీషులో దానిని 'పేస్లీ' అంటారు. పేస్లీ స్కాట్లండులో ఒక పట్టణం. కాశ్మీరు శాలువలను అనుకరించి పంతొమ్మిదవ శతాబ్దంలో అక్కడ మగ్గాల మీద నేసినారు గనుక ఊరి పేరు ఆకృతికి అంటుకొన్నది. మన ఇండ్లలో దానికి అంత దూరపు పేరు అక్కరలేదు. అది మామిడిపిందె. చీర అంచు మీద, దిండు గలీబు మీద, సంక్రాంతి ముగ్గులో, పెండ్లికూతురి చేతి గోరింటాకులో దానిని చూస్తూనే ఉన్నాము. 1967లో లండనులోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ యువకులు ఈ మామిడిపిందె చొక్కాలు తొడిగి తాము లోకమర్యాదను ధిక్కరించామని భావించారు. అదే పిందె ఉన్న చీర కట్టుకొని ఆ నెలలోనే మన పల్లెలలో ఎందరో కోడళ్ళు అత్తగారికి పాదాభివందనం చేసి ఉంటారు.

మన గుడ్డ పరదేశంలో ధిక్కారమైనది అదే మొదటిసారి కాదు. పెడన, బందరు ప్రాంతాల అద్దకపు బట్టలను తలచుకోండి. కరక్కాయ రసంలో, గేదెపాలలో గుడ్డను నానబెట్టి, ఇనుపముక్కలు బెల్లం ఊరవేసిన కసిమితో నల్లగీత వేసి, పటిక పూసిన చోట చిరివేరుతో ఎరుపు తెప్పించి, పారే నీటిలో ఉతికిన ఆ గుడ్డ ఎంత ఉతికినా వెలవదు. పదిహేడవ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకు పోయిన ఇటువంటి బట్టలనే అక్కడివారు 'చింట్జ్' అన్నారు. మనం చీటీగుడ్డ అనేది దాని తోబుట్టువే. వాటి మోజు పెరిగి అక్కడి నేతగాండ్రకు పని లేకుండా పోగా, ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించినది. ఆ నిషేధం 1759 వరకు నిలిచినది. లండనులో 1719లో ఆగ్రహించిన నేతగాండ్రు వీధిలో అద్దకపు గౌను తొడిగిన స్త్రీలను పట్టుకొని బట్టలు చింపివేశారు. అయినా స్త్రీలు ఆ గుడ్డను విడువలేదు. గోదావరి, కృష్ణల ఒడ్డున ఆరిన గుడ్డ పరాయిగడ్డ మీద శాసనోల్లంఘనమైనది. పువ్వు అదే, తీగె అదే. చూచే కన్ను మారినది.

ఈ చరిత్రలో మనకు మరింత దగ్గర మాట కూడా ఉన్నది. 1930లో ఉప్పు సత్యాగ్రహపు రోజులలో గుంటూరు జిల్లాలో అధికారులు గాంధీ టోపీ పెట్టుకొనరాదని ఉత్తరువు చేశారు. మూరెడు ఖద్దరు గుడ్డ, రెండు మడతలు. దానికి ప్రభుత్వం భయపడినది. అది గుప్తసంకేతం కాదు, బహిరంగమైనది. అయితే ఒక చిన్న గుడ్డ తల మీద ఉన్నంత మాత్రాన మనిషి మనస్సును పట్టుకొన్నామని పాలకులు అనుకొనే పద్ధతి మాత్రం ఆనాటితో అంతరించలేదు.

ఇప్పుడు చాపాడుకు వద్దాము. కుందూ నది, కర్నూలు-కడప కాలువ తడిపిన వరి పొలాల నడుమ ఉన్న ఊళ్ళ నుంచి నేడు కుర్రవాండ్రు బెంగుళూరుకు, హైదరాబాదుకు చదువులకు, ఉద్యోగాలకు పోతున్నారు. వారిలో ఒకడు ఆ సంగీతాన్ని, ఆ చిత్రాలను ప్రేమించినాడనుకోండి. పదార్థం జోలికి పోయినవాడనే అనుకొననక్కరలేదు. ఆ వర్గంలో పాటకు, రంగుకు, గ్రంథాలకు మాత్రమే కట్టుబడినవారు ఉన్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తన మనస్సును పూర్తిగా దాచుకొనడం అతనికి ఇష్టం లేదు, చాటుకొనే ధైర్యమూ లేదు. కలంకారీ చొక్కా తొడుగుతాడు. నాయన చూచి, 'చేనేత కొన్నావు, మంచిపని చేసినావు' అంటాడు. ఓంకారం, శివుని బొమ్మ ఉన్న బనియను తొడుగుతాడు. అటువంటివి గోవాలోని అంజునా సముద్రతీరంలో 1990వ దశకంలో పేరు పొందిన నృత్యసంగీతపు అభిమానులకు దాదాపు సమవస్త్రం. అవ్వ చూచి, మనుమనికి భక్తి కుదిరినదని కండ్లు ఒత్తుకొంటుంది. పాపం, అతని గుర్తు ఇక్కడ మరీ బాగా దాగిపోయినది! న్యూయార్కులో పది మందిలో ఒకడైనా గుర్తించేవాడు. ఇక్కడ ఆ భాషలోని ప్రతి అక్షరమూ ఇంటి అక్షరమే కావడం చేత, అతడు వ్రాసినది ఎవరికీ వేరుగా కనబడదు.

అందువల్ల అతడు మరొక ఉపాయం చేయవలసి వస్తుంది. గుర్తును మార్చడు, గుర్తు ఉండే చోటును మారుస్తాడు. అంచున ఉండవలసిన మామిడిపిందె జేబు మూలన ఒంటరిగా కనిపిస్తుంది. అయిదు తెల్ల బొత్తాముల నడుమ ఒక కాజాకు నారింజరంగు దారం కుట్టి ఉంటుంది. ఊదారంగు చేతిరుమాలు అంగుళం మాత్రం వెలికి వస్తుంది. చూచినవాడు దర్జీ పొరపాటనుకొంటాడు. పొరపాటు కాదని తెలిసినవాడే తనవాడు. కవిత్వంలో శ్లేష చేసే పని ఇదే.

మన ప్రాంతానికి ఈ విద్య క్రొత్తది కాదు. మైదుకూరు మీదుగా పోతే బ్రహ్మంగారి మఠం. దూదేకుల ఇంట పుట్టిన సిద్ధయ్య వీరబ్రహ్మేంద్రస్వామికి శిష్యుడైనప్పుడు నవాబు దాకా ఫిర్యాదు పోయినదని కథ. గురువు ఆయనకు పాదుకలను, దండాన్ని, ముద్రికను ఇచ్చినాడని భక్తులు చెప్పుకొంటారు. తెలియనివానికి అవి చెప్పులు, కర్ర, ఉంగరం. తెలిసినవానికి మొత్తం పరంపర. దీనికి ఎదురుగా, వేమన పేర వ్యాపించిన పద్యాలు కావిగుడ్డను, విభూతిని నమ్మవద్దని ఎన్ని విధాల హెచ్చరించినవో మనకు తెలుసును. 1965 మేలో హైదరాబాదులో ఒక అర్ధరాత్రి, రిక్షా నడిపే ఒకరి చేతుల మీదుగా తమ సంపుటిని వెలువరించిన దిగంబర కవులు పేరులోనే గుడ్డను విడిచినవారు. వారికి గుప్తసంకేతంతో పని లేకపోయినది. సంకేతం కావలసినది రెండు ఇండ్లలో ఒకేసారి కాపురం చేసేవానికి.

గృహస్థులకు ఇందులో ఒక చిక్కు ఉన్నదని నాకు తెలుసును. గంజాయిని అరికట్టడానికి 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసినది. పత్రికలలో వార్తలు చదివిన తల్లిదండ్రులు కొడుకు చొక్కా మీద వింత చుట్టలు చూచి ఉలికిపడడం సహజం. కాని చట్టం పట్టుకొనేది పదార్థాన్ని, దానిని దాచడాన్ని, అమ్మడాన్ని, సేవించడాన్ని, రంగును కాదు. నిజంగా వ్యసనంలో పడినవాడు చాలాసార్లు అందరిలో కలిసిపోయే చొక్కానే ఎన్నుకొంటాడని నా అనుమానం. గుర్తు పెట్టుకొన్నవాడు ఎవరో ఒకరు చదవాలనే పెట్టుకొన్నాడు. అతని జేబులు వెదకిన నాయనకు రూమాలు దొరుకుతుంది. 'ఈ దారం రంగు ఎందుకు మార్చినావు?' అని అడిగిన నాయనకు దొరికేది వేరు. ఆ మాటల తరువాత కోపపడవలసిన సంగతే బయటపడవచ్చును. అదీ తెలియవలసినదే గదా.

ఈ రహస్యం ఎవరికి తెలియకపోయినా దర్జీకి తెలియక తప్పదు. అవ్వ పాతచీర మామిడిపిందె అంచును కత్తిరించి తెచ్చి, తెల్లచొక్కా కాలరుకు పైన కాదు, లోపలివైపు వేయమని కుర్రవాడు అడుగుతాడు. దర్జీ కండ్లద్దాల పై నుంచి ఒకసారి చూస్తాడు. 'లోపలా?' అంటాడు. తరువాత మెడ కొలత వ్రాసుకొంటాడు.